రాతి పగుళ్లు – మన నీళ్లు

గట్టి గ్రానైటు రాయి నీటిని పీల్చుకోదు. మరి బోరులోకి నీళ్లెలా వస్తాయి? సైన్సు సారును అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

భూమి లోపలి ఒత్తిళ్లకు రాయి పగులుతుంది. నీరైనా, చమురైనా ఆ పగుళ్లలోనే నిలిచి, వాటి వెంటే పారుతుంది. వియత్నాం సముద్రంలో బాక్ హో (తెల్లపులి) అనే చోట 1988లో గ్రానైటు పగుళ్ల నుంచే చమురు ఉబికింది!

పగుళ్లను పరిశోధించేవారు నిర్మాణ భూవిజ్ఞానులు. పగులు ఏ దిక్కుకు సాగింది, ఎంత వాలింది, ఎంత వెడల్పు, ఇంకో పగులుతో కలిసిందా అని దిక్సూచి పట్టుకొని కొలుస్తారు.

వెడల్పు చాలా ముఖ్యం. ఒత్తిడి అంతే ఉండి, వెడల్పు రెండింతలైతే పారే నీరు 2×2×2 = 8 రెట్లు. మూడింతలైతే 27 రెట్లు! పగులు మట్టితో పూడిపోతే మాత్రం నీరు సరిగా రాదు.

మా ఊళ్లో ఒక బోరులో దుమ్మే లేచింది. అప్పు మాత్రం మిగిలింది. కొద్ది దూరంలో వేసిన ఇంకో బోరు నిండుగా పోస్తోంది. అందరూ అదృష్టం అన్నారు. కాదు, దానికి పగులు తగిలింది.

ఇంటర్ తర్వాత డిగ్రీలో భూగర్భ శాస్త్రం తీసుకోవచ్చు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో పై చదువూ ఉంది. కొండలెక్కడం మనకు కొత్త కాదు కదా! మనలో ఒక్కరు చదివినా ఊరి డబ్బు దుమ్ములో పోదు.