గాలి కబురు, నేల ఎరుక

తుఫాను అనే మాట తెలుగులో పుట్టినది కాదు. అరబ్బీ, పారశీక భాషలలోని 'తూఫాన్' ఉర్దూ ద్వారా మన నోటికి చేరి స్థిరపడింది. రెండు భాషలూ ఒకే ఆవరణలో వినిపించే మన కళాశాల విద్యార్థులకు ఈ సంగతి కొత్త కాకపోవచ్చు. 'ఉప్పెన' మాత్రం తెలుగు మాట. తుఫాను అన్నప్పుడు మనకు ముందుగా స్ఫురించేది గాలివాన. ఆ గాలి తోసుకొని వచ్చే సముద్రమే ఉప్పెన. ఈ భేదం నిఘంటువుకు చిన్నది. తీరవాసికి ప్రాణంతో సమానమైనది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. బంగాళాఖాతంలో తుఫాను ఉన్నదన్న సంగతి వాతావరణ శాఖకు ముందే తెలుసు. అయినను దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లమీదికి వచ్చింది. సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకొని పోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. గాలివాన వస్తే తలుపులు బిగించుకొని ఇంట్లో కూర్చోవడం ఎవరైనా చేసే పని. సముద్రమే వస్తే ఆ ఇల్లే ఉచ్చు అవుతుంది. 'తుఫాను వస్తున్నది' అనే వాక్యం వ్యాకరణరీత్యా సంపూర్ణమే. కాని నీరు ఎంతదూరం వస్తుందో, ఎవరు లేచి ఎటు పోవలెనో అందులో లేదు.

ముందస్తు హెచ్చరిక అనగా రేడియోలో చదివే ప్రకటన ఒక్కటే అని చాలామంది భావిస్తారు. పరిశీలన, అంచనా, కబురు చేరవేయడం, కబురు విన్నవాడు కదలడం - ఈ నాలుగూ కలిసినప్పుడే అది వ్యవస్థ అనిపించుకొంటుంది. మొదటి రెండింటిలో మన దేశం చాలా ముందుకు వచ్చింది. ఉపగ్రహాలు, రాడార్లు ఉన్నాయి. ఉప్పెన ఎత్తును లెక్కకట్టే నమూనాలను రూపొందించే సముద్ర సమాచార కేంద్రం సముద్రమే లేని మన హైదరాబాదులో ఉన్నది. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. పదవది మహాప్రమాదానికి గుర్తు. పదకొండవదాని అర్థం వేరు: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయినవి అని. కబురు తెగిపోవడాన్ని మహాప్రమాదానికి తరువాతి మెట్టుగా ఉంచిన వారి వివేకం మెచ్చదగినది.

తక్కిన రెండు అంశాల విలువ 1990 మే నెలలో తెలిసింది. అప్పటి తుఫాను కూడ కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటింది. ఈసారి 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. ఒడిశాలో 1999 అక్టోబరు తుఫాను దాదాపు 10,000 మందిని బలిగొనగా, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు 10 లక్షల మందిని రక్షిత భవనాలకు చేర్చినందున ప్రాణనష్టం కొద్ది పదులకు పరిమితమైంది. పొరుగున బంగ్లాదేశం 1970 నాటి ఘోరవిపత్తు తరువాత, 1972లోనే గ్రామ గ్రామాన స్వచ్ఛంద సేవకులను నియమించింది. వారి సాధనాలు జెండా, చేతి సైరను, మెగాఫోను.

ఐతే కాలం మారుతున్నది. వేడెక్కిన సముద్రజలం తుఫానుకు ఇంధనం. కొన్ని వాయుగుండాలు ఒక్క రోజులోనే ఉగ్రరూపం దాల్చుతున్నవి. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను అట్లే బలపడింది. కేరళ, తమిళనాడు జాలరులు అనేకులు అప్పటికే నడిసంద్రంలో ఉన్నారు, వారికి కబురు చేర్చే మార్గం లేకపోయింది. గడువు తగ్గినకొలదీ, నేలను గురించి ముందే తెలిసియుండడం అవసరమవుతుంది. ఏ పల్లె పల్లంలో ఉన్నది? ఏ కాలువ పూడిపోయింది? ఏ ఇసుకదిబ్బ లారీలకెక్కింది? మడ అడవి ఎక్కడ నరికి చెరువులు తవ్వారు?

ఇక్కడనే పర్యావరణ మదింపు ప్రసక్తి వస్తుంది. 1999 తుఫానులో ఒడిశాలోని కేంద్రపాడా జిల్లా గ్రామాలను పరిశీలించి ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రకటించారు. సముద్రానికీ ఊరికీ నడుమ మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే మరణాలు అంత తక్కువ అని తేలింది. అడవికన్న ప్రభుత్వ హెచ్చరికయే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడ వారు నిజాయితీతో చెప్పారు. అడవి ఉన్నదిగదా అని కబురు మానరాదు, కబురు వస్తుందిగదా అని అడవి కొట్టరాదు.

మన చట్టాలు ఈ రెంటినీ వేర్వేరు గదులలో కూర్చుండబెట్టాయి. హెచ్చరిక విపత్తుల శాఖది. ప్రభావ మదింపు పర్యావరణ శాఖది. మదింపు నివేదికను తయారుచేసే సలహాదారుకు రుసుము చెల్లించేది పరిశ్రమ పెట్టదలచినవాడే. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు స్థానిక భాషలో తప్పనిసరిగా లభించవలసినది సంగ్రహం మాత్రమే. ఇక తీరప్రాంత నిబంధనలలో, జనసాంద్రత అధికంగా ఉన్న గ్రామీణ తీరాన పోటు రేఖ నుండి 200 మీటర్లుగా ఉండిన నిర్మాణ నిషిద్ధ భూమిని 2019లో 50 మీటర్లకు తగ్గించారు. జనం ఎక్కువ ఉన్నచోటనే కాపుదల తగ్గించడం నాకు బోధపడని తర్కం.

పరిశ్రమ వలన సముద్రానికి కలిగే హానిని మదింపు నివేదిక లెక్కిస్తుంది. ఉప్పెన వచ్చిననాడు ఆ కట్టడం నీటిని ఏ ఊరిమీదికి మళ్లిస్తుందో కూడ అందులో ఉండవలెను. అందుకు పాత నీటిగుర్తులు కావలెను. 1977 నాటి నీరు ఏ గుడిమెట్టుదాకా, ఏ మసీదు గోడదాకా వచ్చిందో చూపగల వృద్ధులు దివిసీమలో ఇంకను ఉన్నారు. తీరప్రాంతం నుండి వచ్చి మన వసతిగృహంలో చదువుకొనే విద్యార్థులు ఈ వేసవి సెలవులలో టేపు, నోటుపుస్తకం తీసుకొని వారి వద్దకు వెళ్లవచ్చును.