పాత లిథియం ప్యాకులకు విడివిడి ఫ్యూజులు

అగ్గిపెట్టెల పరిశ్రమగల కోవిల్‌పట్టి వారికి నిప్పు సంగతి చెప్పనక్కరలేదు. అక్కడను, విరుదునగరమునను మన నేత సోదరులు కరెంటు పోయినవేళ దీపమునకో, కండెలు చుట్టు మోటారుకో పాత లిథియం ప్యాకులు వాడదలచినచో ఈ పాఠము గమనింపవలెనని మనవి చేయుచున్నాము.

ప్లస్సును ప్లస్సుకు, మైనసును మైనసుకు కలుపుటయే ప్యారలల్. వోల్టేజి పెరగదు, నిలువ పెరుగును. అయితే ఎక్కువ వోల్టేజి గల ప్యాకునుండి తక్కువదానిలోనికి కరెంటు ఉరుకును. ఒకటి 12.3, మరొకటి 11.1 వోల్టులనుకొందము, తేడా 1.2. దారిలోని నిరోధము 0.1 ఓము అయినచో 12 ఆంపియర్లు పారును. సన్నతీగ వేడెక్కి కాలుటకు అది చాలును.

కావున:

1. ఉబ్బినవి, కారినవి, తుప్పుపట్టినవి తీసివేయవలెను.

2. ఛార్జి చేసి రెండు వారములు విడిగా ఉంచి కొలవవలెను. వోల్టేజి బాగా పడిపోయినది పనికిరాదు.

3. ఒకే రకపు సెల్లులు, వరుసలో ఒకే లెక్కన ఉన్న ప్యాకులనే, వోల్టేజి సమానమైన పిమ్మట కలపవలెను.

4. ప్రతి ప్యాకుకు సొంత రక్షణ బోర్డు, ప్లస్ తీగలో సొంత డి.సి. ఫ్యూజు ఉండవలెను.

నాలుగవది ముఖ్యము. ఒక ప్యాకు లోపల షార్టయినచో తక్కినవన్నియు దానిలోనికే కరెంటు కుమ్మరించును. మోటారు దారిలో పెట్టిన ఒక్క ఫ్యూజు గుండా ఆ కరెంటు పోదు. కనుక అది కాపాడలేదు.

ప్యాకులను నూలుకు, పత్తి దుమ్ముకు దూరముగా ఉంచుడు. ఫ్యూజు వెల స్వల్పము. కాలిన పడుగు తిరిగి రాదు.