కాయిల్ ఏదీ, మాస్టారూ?

కారుకు మిస్సింగ్ వస్తే మెకానిక్ దగ్గరికి పోతారు గానీ వకీలు దగ్గరికి ఎందుకొస్తారు? వస్తున్నారు. ఒక జిల్లా కేంద్రంలో వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది బల్లమీదికి ఈమధ్య వరసగా నాలుగు ఫైళ్లు ఇలాంటివే వచ్చాయి. పాత పెట్రోలు కారు, ఉన్నట్టుండి ఇంజన్ కుదుపులు, షెడ్డువాళ్లు వేసిన వేలకు వేల బిల్లు, ఇంటికి తెచ్చుకున్న కొద్దిరోజులకే మళ్లీ అదే కుదుపు. నాలుగు ఫైళ్లలోనూ కనిపించనిది మాత్రం ఒకటే: బండిలోంచి విప్పి తీసిన పాత సామాను.

తాజా కేసు ఒక రిటైర్డు మాస్టారిది. 2014 మోడల్ కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. ఊరినుంచి వస్తుంటే ఎత్తు ఎక్కేచోట పికప్ పడిపోయి బండి కుంటడం మొదలుపెట్టింది. ఇంజన్ లైటు మినుకుమినుకుమంటోంది. షెడ్డు యజమాని బానెట్ ఎత్తి, ఒక నిమిషం చెవి ఒగ్గి, "కంప్రెషన్ పోయింది మాస్టారూ, హెడ్డు దింపాల్సిందే" అని తేల్చేశాడు. గేజి పెట్టి కొలిచింది లేదు, స్కానర్ తగిలించింది లేదు. బిల్లు రూ.38 వేలు. తొమ్మిదోరోజున మిస్సింగ్ మళ్లీ హాజరు. ఈసారి ఇంకో షెడ్డుకు తీసుకెళ్తే వాళ్లు మూడో సిలిండర్ కాయిల్ మార్చి రూ.2,400 తీసుకున్నారు. బండి కుదుటపడింది.

"కాయిల్ ఏదీ, మాస్టారూ?" వకీలు అడిగిన మొదటి ప్రశ్న అది.

"పాడైపోయింది కదండీ, అక్కడే డబ్బాలో పడేశారు."

ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, జవాబుకు సోపానాలు రాయకపోతే మార్కులు కోసేసిన మనిషి, తన కేసులో సోపానాలన్నీ తుక్కుడబ్బాలో వదిలేసి వచ్చారు.

మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం సరిగ్గా మండకపోవడం. ప్లగ్గో కాయిలో పోయి నిప్పురవ్వ అందకపోవచ్చు. ఇంజెక్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. గొట్టం చిట్లి అక్కర్లేని గాలి చొరబడుతుండొచ్చు. మరీ పాత కార్లలో అయితే డిస్ట్రిబ్యూటర్ మూత, హెచ్‌టీ వైర్లు అనుమానితులు. కంప్రెషన్ దెబ్బతినడమూ ఒక కారణమే గానీ, దాన్ని గేజితో కొలిచి తేల్చాలి, చెవితో కాదు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే బండి తన లోపాన్ని తనే పసిగట్టే వ్యవస్థ, తప్పనిసరి అయ్యింది కనుక మాస్టారి కారు తన జబ్బు తనే చెప్పుకోగలదు. స్కానర్‌లో పీ0303 అని వస్తే మూడో సిలిండర్ మిస్సవుతోందని అర్థం. పీ0300 వస్తే ఫలానా సిలిండరని తేల్చలేదన్నమాట. కోడ్ చూసి నేరుగా కాయిల్ మార్చేయడమూ తొందరపాటే. మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి, రెండోదానిది మూడోదానికి పెట్టి నడపాలి. కోడ్ పీ0302గా మారితే దొంగ దొరికినట్టే. అదనంగా ఒక్క సామాను కొననక్కర్లేదు.

కేసంతా ఈ చిన్న పరీక్ష చుట్టూ తిరుగుతోంది. మెకానిక్ జబ్బు తప్పుగా పట్టినంత మాత్రాన అది సేవాలోపం అయిపోదు. చేయాల్సిన పరీక్షలు చేయకుండా హెడ్డు దింపాడని చూపించాలి. చూపించాల్సింది ఎవరు? ఫిర్యాదుదారే. ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ మధ్య వ్యాజ్యంలో 2021లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం విచారణ ప్రమాణపత్రాలు, కాగితాల మీదే నడుస్తుంది. వస్తువులో లోపముందంటే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబుకు పంపించగలదు కూడా. పంపడానికి వస్తువంటూ ఒకటి ఉండాలి గదా! తుక్కుకు పోయిన కాయిల్‌ను ఏ ల్యాబూ పరీక్షించలేదు.

మిగతా మూడు ఫైళ్లలోనూ రుజువు దగ్గరే గొడవ. ఒకాయన బిల్లులో కొత్త ఇంజెక్టర్లు అని ఉంది; వేసినవి బాగుచేసిన పాతవని ఆయన అనుమానం. పాతవాటిని కొత్తవని చెప్పి అంటగట్టడం చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతే. కానీ ఆయన వాటిని పీకించి, వేరేవి వేయించుకుని, తీసినవి షెడ్డులోనే వదిలేశారు. ఇంకొకాయన పన్ను మిగులుతుందని బిల్లే తీసుకోలేదు. మూడో ఆయన డబ్బు కట్టందే కారు వదలరా అని రచ్చచేసి వచ్చారు. పనికి కూలి అందేదాకా బండి ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇచ్చింది. డబ్బు కట్టేసి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెడితే సరిపోయేది. ఆయన పెట్టిన సంతకం "పని తృప్తికరం" అన్న అచ్చుగీత కింద ఉంది.

మాస్టారు రెండు నెలలు పోలీస్ స్టేషన్ చుట్టూ కూడా తిరిగారు. ఇవాళ ఎస్సై లేరు, రేపు రండి, ఎల్లుండి బందోబస్తు. చివరికి "ఇది సివిల్ మేటర్ కదండీ" అన్నారట. ఆ ముక్క మొదటిరోజే చెబితే నోరు అరిగిపోయేదా? ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది కాబట్టి సరిపోయింది. సొంత ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. ఇంత సులువు చేసిన చట్టం కూడా ఆ కాయిల్‌ను వెనక్కి తేలేదు.

అందుకే ఆ వకీలు ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ఒకటే పాట పాడుతున్నారు. బానెట్ ఎత్తకముందే జాబ్ కార్డు రాయించుకోవాలి. అందులో "జనరల్ చెకప్" అని కాకుండా "ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపు, లైటు మినుకు" అని ఉండాలి. విప్పిన పాత సామాను తిరిగి ఇవ్వాలని అదే కార్డు మీద రాయించాలి. పాతది తీసుకుని కొత్తదాని ధర తగ్గిస్తామంటే ఒప్పుకోండి గానీ, నంబరు కనబడేలా ఫోటో తీశాకే. మళ్లీ మొరాయిస్తే రెండో షెడ్డులో స్పానర్ పట్టకముందే స్కానర్ తెరను ఫోటో తీయాలి. కోడ్ చెరిపేశాక అడిగి లాభం లేదు. ఇక పాత సామాను... అది నూనె కారుతున్నా సరే, సంచీలో వేసుకుని ఇంటికి తేవాలి. ఇంట్లో ఆడవాళ్లు తిడతారని వదిలేసి వచ్చామన్న క్లయింట్లు ఇద్దరున్నారు.

మాస్టారి కేసులో ఎదుటిపక్షం జవాబు దాఖలు చేసింది. హెడ్డు నిజంగానే పోయిందట. కాయిల్ ఆ తర్వాత విడిగా పోయిందట. పైగా లైటు మినుకుతుండగా మాస్టారు 40 కిలోమీటర్లు నడిపారట. ఈ చివరి మాటలో బలం ఉంది. అలా నడిపితే మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది. దానివల్ల హెడ్డు ఎలా పోయిందో మాత్రం జవాబులో లేదు.

రెండో మెకానిక్ ప్రమాణపత్రం మీద సంతకం చేయనంటున్నాడు. మొదటి షెడ్డువాళ్లు అతనికి రోజూ ఎదురుపడే మనుషులు. అతని దగ్గర పనిచేసే కుర్రాడి ఫోన్‌లో పీ0303 చూపిస్తున్న స్కానర్ ఫోటో ఒకటి తేదీతో సహా దొరికింది. వచ్చే వాయిదాకు దాన్ని దాఖలు చేస్తున్నారు.