మందు పుట్టించిందా, పెంచిందా?

క్యాన్సర్ తగ్గడానికి తీసుకున్న కీమో వల్లే కొన్నేళ్ల తర్వాత కొద్దిమందికి బ్లడ్ క్యాన్సర్ వస్తుంది. సాహిత్యం మ్యాగజైన్‌లో ఇదేం టాపిక్ అనుకోకండి, మన ఇళ్లలోకి వచ్చిన విషయమే ఇది.

కీమో మందులు చాలావరకు కణంలోని డీఎన్‌ఏ మీదే దెబ్బ కొడతాయి. ఎటోపొసైడ్ సంగతి చూడండి. డీఎన్‌ఏ చిక్కుపడినప్పుడు టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము రెండు పోగుల్నీ తెంపి, చిక్కు తీసి, మళ్లీ అతికిస్తుంది. ఈ మందు ఆ అతికించే పనిని అడ్డుకుంటుంది. తెగిన కొసలతో కణం చచ్చిపోవాలి. కానీ ఎముక మజ్జలో ఒక కణం చావకుండా, ఆ కొసని వేరే క్రోమోజోముకి అతికించుకుందనుకోండి, కట్ చేసిన కోడ్‌ని తప్పు ఫైల్లో పేస్ట్ చేసినట్టే. (నాకు ఇలా చెబితేనే అర్థమవుతుంది!) 11వ క్రోమోజోము మీదున్న కేఎంటీ2ఏ జన్యువు ఇలా అతుక్కుంటే, సాధారణంగా 1 నుంచి 3 ఏళ్లలోనే లుకేమియా బయటపడుతుంది.

సైక్లోఫాస్ఫమైడ్, మెల్ఫలాన్ లాంటి ఆల్కైలేటింగ్ మందుల కథ వేరు. వీటి తర్వాత వచ్చేదానికి 5 నుంచి 10 ఏళ్లు పడుతుంది. చాలామందిలో 5వ లేదా 7వ క్రోమోజోములో ముక్క పోయి ఉంటుంది, ఒక్కోసారి క్రోమోజోమే ఉండదు. టీపీ53 జన్యువు కూడా తరచుగా చెడి ఉంటుంది. దెబ్బతిన్న కణాన్ని ఆపడమో చంపడమో ఈ జన్యువు డ్యూటీ.

మరి దాన్ని చెడగొట్టింది మందేనా? 2015లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు నేచర్ పత్రికలో రాసింది చదివితే ఆశ్చర్యమేసింది. కొందరు పేషెంట్లకి ఈ జబ్బు రావడానికి 3 నుంచి 6 ఏళ్ల ముందే తీసి దాచిన శాంపిళ్లలో అదే మ్యుటేషన్ అతి కొద్ది కణాల్లో దొరికింది. ఇద్దరిలోనైతే కీమో మొదలుకాకముందే ఉంది! అంటే వాళ్లలో మందు దాన్ని పుట్టించలేదు. గడ్డిమందు కొడితే చేనంతా ఎండిపోయి, మందుకి లొంగని ఒక్క కలుపు మొక్కకి చోటు దొరికినట్టు, మిగతా కణాలు చస్తుంటే ఇది పెరిగింది. వయసు పెరిగేకొద్దీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇలాంటి కణాలు కొన్ని ఉంటాయట.

అందుకని కీమో మానేయమని కాదు. మొదటి క్యాన్సర్ అన్నేళ్లు ఆగదు. మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ తగ్గి నాలుగేళ్లయింది, "తగ్గాక ఇంకా ఈ రక్తపరీక్షలెందుకురా" అంటుంది. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కారణం లేకుండా పడిపోతుంటే ముందుగా తెలిసేది అక్కడే కాబట్టి. తర్వాత మజ్జ తీసి క్రోమోజోములు చూస్తారు. చెడిన కణం ఉందని కీమోకి ముందే తెలిసినా, దాన్నొక్కదాన్నే ఏరి తీసేసే మందు మాత్రం ఇంకా రాలేదు.