పిల్లల ఆరోగ్యం: వ్యాయామం, శరీర కూర్పు

పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ సైన్స్

శరీరంలో కొవ్వు, కండరాలు, ఎముకలు, నీరు ఏ పాళ్లలో ఉన్నాయో తెలిపేదే శరీర కూర్పు. బరువొక్కటే చూస్తే ఇది తెలియదు.

• బీఎంఐ (శరీర ద్రవ్యరాశి సూచిక) = బరువు (కిలోలు) ÷ ఎత్తు (మీటర్లు) వర్గం. మూలకర్త బెల్జియం శాస్త్రవేత్త క్వెట్‌లెట్. ఇది కొవ్వును, కండను వేరుచేసి చూపదు.

• పెద్దల బీఎంఐకి స్థిరమైన హద్దులుంటాయి. పిల్లల బీఎంఐని మాత్రం వయసు, లింగాన్ని బట్టి అంచనా వేస్తారు.

• 5–17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థ–తీవ్ర వ్యాయామం, వారంలో కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలను బలపరిచే ఆటలు అవసరం (డబ్ల్యూహెచ్‌ఓ, 2020).

• కదిలే కండరాలు గ్లూకోజును వాడుకుంటాయి. ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. గెంతడం, పరుగెత్తడం వల్ల ఎముకల సాంద్రత పెరుగుతుంది.

• బాల్య స్థూలకాయం టైప్–2 మధుమేహం, అధిక రక్తపోటు, కాలేయంలో కొవ్వుకు దారితీయవచ్చు.

• దేశంలో అయిదేళ్లలోపు అధిక బరువు పిల్లలు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్)–4లో 2.1%, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్–5లో 3.4%. పోషకాహార లోపమూ కొనసాగుతోంది. ఇదే ‘జంట భారం’.

• ఫిట్ ఇండియా ఉద్యమం: 2019 ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం నాడు ప్రారంభం.

గుర్తుంచుకోండి: సన్నగా ఉన్న పిల్లలకూ వ్యాయామం అంతే అవసరం. ఆటల పీరియడ్‌ను చదువులో భాగంగానే చూడాలి.