చిన్న తెరమీద పొలము పటము చూపు విధము

తాడేపల్లి చుట్టుపట్ల సెల్‌ఫోను లేని రైతుకుటుంబ మిప్పుడు అరుదు. ఐనను గ్రామపటము మాత్రము వెనుకటి కరణముగారి పెట్టెలోని వస్తువే యను భావము మనలో ఇంకను పోలేదు. 2015లో ప్రారంభమైన మీభూమి మూలమున అడంగలు, 1-బి మాత్రమే కాక గ్రామపటమును, ఎఫ్.ఎం.బి. చిత్తును గూడ ఇంటికడనే చూచు వీలు కలిగినది. 2020 డిసెంబరులో ఆరంభమైన రీసర్వేలో డ్రోన్లతో తీసిన చిత్రములనుండి ఒక్కొక్క కమతమునకు వేరువేరుగ పటములు తయారైనవి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము పాలుపంచుకొన్న భువన్ పటములు 2009 నుండియే ఉన్నవి. కొరత పటములకు లేదు. వాటిని అరచేతి తెరమీద చదువరాకున్నది. సంఘములలో పటములు సిద్ధపరచు యువకులకును, వానిని చూచు రైతులకును పనికివచ్చునట్లు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

పటము సరిగా కనబడకున్న వచ్చు నష్టమెట్టిదో మొదట చెప్పుదుము. ఈ-పంట నమోదునకై గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలమునకు వచ్చి, సర్వే నంబరును ఎంచి, పంటను వ్రాసి, ఫొటో తీయును. పంట బీమాకును, తుపాను నష్టపరిహారమునకును, మద్దతు ధరకు అమ్ముటకును ఆ నమోదే ఆధారము. 112/2 అను కమతమునకు బదులు 112/3 మీద వ్రేలు పడినదనుకొందము. అందు మిరప వేసిన రైతుపేర ప్రత్తి నమోదగును. ప్రత్తి రైతుపేర ఏమియు ఉండకపోవచ్చును. సంగతి బయటపడునప్పటికి చేను నీటిలో నుండును, గడువు దాటియుండును. ఇందు ఎవరి దురుద్దేశమును ఉండనక్కరలేదు. వ్రేలికంటె పొలము చిన్నదగుటయే కారణము.

ఎంత చిన్నదో లెక్కవేసి చూతము. మన పాత గ్రామపటములలో పెక్కు మైలునకు 16 అంగుళముల కొలతను గీయబడినవి. మైలునకు 80 గొలుసులు గనుక అంగుళమునకు 5 గొలుసులు, అనగా 330 అడుగులు వచ్చును. (66 అడుగుల నిడివియు 100 లింకులును గల ఈ గొలుసును 1620లో ఇంగ్లండునందు గంటరు అను గణితజ్ఞుడు ఏర్పరచెను. పేరు విని దీనికిని మన గుంటూరునకును సంబంధమేమని మమ్మడిగినవారు కలరు. ఏమియు లేదు.) పది చదరపు గొలుసులు ఒక యెకరము, అందు నూరవ వంతు మన సెంటు. నలుచదరముగ నున్న యెకరమునకు ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు 209 అడుగులుండును. కాగితపు పటముమీద అది 16 మిల్లీమీటర్లు. వ్రేలుపెట్టి చూపుటకు చాలినంత చోటు.

ఇక రెండు మైళ్ల నిడివి, ఒకటిన్నర మైలు వెడల్పు గల గ్రామమును తీసికొందము. దాని పటము 32 అంగుళముల పొడవు, 24 అంగుళముల వెడల్పు గల కాగితము. 24 అంగుళములనగా 610 మిల్లీమీటర్లు. సాధారణపు ఫోను తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు. పటమంతయు తెరలో ఇమిడ్చిన యెడల తొమ్మిదింతలు కుదించవలెను. అప్పుడు 16 మిల్లీమీటర్ల యెకరము రెండు మిల్లీమీటర్లకు లోబడును. పొలమునందు పనిచేయు మనిషి వ్రేలికొన తెరమీద ఆనుచోటు ఎటుచూచినను 9 మిల్లీమీటర్లుండుననుకొన్నచో, ఒక్క వ్రేలిక్రింద అయిదు వరుసలు, వరుసకు అయిదు చొప్పున 25 ఎకరములు మూసికొనిపోవును. ఎకరమునకు ఇద్దరు రైతులున్నచోట ఏబదిమంది రైతులు ఒక వ్రేలిక్రింద నున్నారన్నమాట!

ఇప్పుడు లెక్కను వెనుకనుండి చేయుదము. మన ప్రాంతములో అరయెకరపు కమతములు విశేషము. అరయెకరము చదరముగ నున్న ప్రక్కకు 45 మీటర్లు. అది వ్రేలికొనకు సరిపోవునట్లు 9 మిల్లీమీటర్లు కావలెనన్న, పటము 5,000 వంతులకు ఒక వంతుగా నుండవలెను. ఆ కొలతలో 68 మిల్లీమీటర్ల తెర 340 మీటర్లను, 150 మిల్లీమీటర్ల నిడివి 750 మీటర్లను చూపును. అనగా ఒక్కసారికి 63 ఎకరములు. అంతకుమించి చూపిన యెడల కమతమును తాకి యెంచుకొనుట పొసగదు.

పాఠకులొక చిత్రమును గమనించియుందురు. పాత కాగితపు పటపు కొలత 3,960 వంతులకు ఒక వంతు. ఫోనుకు కావలసినదియు దానికి చేరువగనే యున్నది. కాబట్టి ఫోను తెరను చిన్న పటమని తలచుట మొదటి పొరపాటు. అది పెద్ద పటముమీద జరుపు చిన్న కిటికీ. కిటికీలో నుండి చూచువానికి తానెక్కడ నున్నదియు తెలియవలెను. ఏ వైపునకు జరుపవలెనో తెలియవలెను. పటము సిద్ధపరచువారు చేయవలసిన పనియంతయు ఇందుండియే పుట్టును.

కనుక మెట్లుగా చూపవలెను. మొదటి మెట్టున గ్రామపు పొలిమేర, ఊరు, చెరువు, వాగు, కాలువ, ముఖ్యమైన డొంకలు చాలును. ఒక్క సర్వే నంబరైనను వద్దు. రెండవ మెట్టున సర్వే నంబర్ల హద్దులును అంకెలును రావలెను. ఉపవిభాగములు, అనగా 112/2 వంటివి, పై చెప్పిన 63 ఎకరముల మెట్టునకు చేరినపిమ్మటనే కనబడవలెను. అన్నిటిని ఒక్కమారే చూపినచో ఏదియు చూపనట్లే యగును. మేము చూచిన పటములలో ఇదియే మిక్కిలి తరచుగా కనబడు దోషము: సర్కారు దస్త్రములో నున్నది గనుక తెరమీదను ఉండవలెనను పట్టుదల.

విడిచిపెట్టుటలోని ప్రయోజనమునకు లండను నగరపు భూగర్భ రైళ్ల పటము మంచి సాక్ష్యము. 1931లో హ్యారీ బెక్ అను చిత్తుగీతకాడు వీధులనన్నిటిని తీసివేసి, వంకర దారులను తిన్నగా సవరించి, థేమ్సు నదిని మాత్రము ఉంచి దానిని గీసెను. 1933లో అది జేబులో మడుచుకొను పటముగా అచ్చయినది. రైలెక్కువానికి ఏ స్టేషను పిమ్మట ఏది వచ్చునో కావలెను గాని దూరము కాదు. ఐనను బెక్కును పూర్తిగ అనుసరించుట మనకు తగదు. పొలము హద్దులోని వంకరను సవరించినచో తగవే వచ్చును. తీసివేయుట నేర్చుకొందము, తిన్నగ చేయుట వలదు.

గురుతులను ఎన్నుకొనుటలో రైతు కన్నుతో చూడవలెను. ఉత్తరమెటో బాణముగుర్తు చెప్పును గాని, మనవారు దారి చెప్పుకొనునది కాలువతూముతో, చింతచెట్టుతో, గుడితో, డొంక మలుపుతో. రెండవ మెట్టునందు ఇట్టివి నాలుగైదు ఉన్నయెడల చూపరి తన చేనిని తానే పట్టుకొనును. రోడ్లశాఖ పెట్టిన రోడ్డు నంబరు పొలమునకు పోవువాని కక్కరకు రాదు.

అక్షరముల సంగతి విడిగా చెప్పవలెను. ఆంగ్ల లిపికి పనికివచ్చిన కొలతలు మన లిపికి పనికిరావు. ‘లక్ష్మి’ అను చిన్న మాటలోనే పైన గుడి, నడుమ అక్షరము, క్రింద ఒత్తులు కలవు. అక్షరమును మరీ కుదించినచో ఒత్తులు నలుసులవలె నగును. మా యనుభవమున ఒత్తులతో కలిపి 4 మిల్లీమీటర్లకు తక్కువైన తెలుగు మాటను నడివయస్సు దాటినవారు పొలములో చదువలేరు. అందుచేత కమతములో అంకెను మాత్రము వ్రాసి, దానిని తాకినప్పుడు తెర అడుగుభాగమున రైతుపేరు, విస్తీర్ణము, పంట పెద్ద అక్షరములతో రావలెను. తెర అడుగుననే ఎందులకనగా, పార పట్టుకొన్న చేయి ఒకటి పోగా మిగిలిన చేతి బొటనవ్రేలికి అందు చోటు అదియే. ఆ పెట్టె తెరలో మూడవ వంతునకు మించరాదు. తాకిన కమతపు హద్దు దట్టమై మెరయవలెను, “ఇదియేనా?” యని అడిగి, ఔనన్న పిమ్మటనే నమోదు కావలెను.

రంగులు నాలుగైదింటికి మించినచో గుర్తుండవు. ప్రత్తికి ఆకుపచ్చ, మిరపకు ఎరుపు అని తోచుట సహజమే గాని, పురుషులలో కొందరికి ఆ రెండు రంగులును వేరుగ కనబడవు. ఆ లోపము తమకు కలదని వారిలో పెక్కురకు తెలియనుగూడ తెలియదు. మిరపకు చుక్కలు, ప్రత్తికి వాలుగీతలు చేర్చినచో చిక్కు తీరును. మిట్టమధ్యాహ్నపు ఎండలో నల్లని తెరమీద సన్నని గీతలు మాసిపోయి, తెర అద్దమువలె మన మొగమునే చూపును. తెల్లని నేలపై ముదురుగీతలు మేలు. ఉపగ్రహ చిత్రము అడుగున నున్నప్పుడు ఒక్క రంగు గీత చాలదు. వేసవిలో రేగడినేల నల్లగను, భాద్రపదములో చేలు పచ్చగను ఉండును. నల్లని అంచు గల పసుపుగీత రెండు కాలములందును తేటపడును.

పురుగుల నిఘాకు వేయు పటములలో ఇంకొక చిక్కు కలదు. ప్రత్తిలో గులాబీరంగు పురుగుకై పెట్టిన లింగాకర్షక బుట్టలన్నిటికి గుర్తులు వేసినచో అవి ఒకదానిమీద నొకటి పడి ముద్దగును. దూరమునుండి చూచునపుడు వానిని గుంపుచేసి ఎన్ని బుట్టలో అంకె వేయవలెను. దగ్గరకు వచ్చినకొలది విడదీయవలెను. మరియు రైతునకు ప్రతి బుట్ట లెక్కయు అక్కరలేదు. బుట్టకు రోజునకు 8 రెక్కలపురుగుల చొప్పున వరుసగ మూడు రోజులు పడినచో మందు చల్లవలసిన హద్దు వచ్చినట్లు. ఆ హద్దు దాటిన బుట్టలు మాత్రము ముదురుగ కనబడిన చాలును. 2021-22లో మిరపను తీసివేసిన నల్ల తామరపురుగు వంటిది మరల వచ్చినపుడు, ఏ మూలనుండి ప్రాకుచున్నదో ఒక్క చూపులో తెలియుట కిట్టి పటము అక్కరకు వచ్చును.

పొలములో సిగ్నలు చాలనిచోట్లు ఇప్పటికిని కలవు. పటమును ముందుగనే ఫోనులో దాచుకొనుట ఉత్తమము. దీని మర్మమిది. తెరపటములు చదరపు పలకలుగా చేయబడినవి. మొదట లోకమంతయు ఒక్క పలక. మెట్టు మెట్టునకు ఒక్కొక్క పలక నాలుగగును. 17వ మెట్టునకు లోకములో 1,717 కోట్లకు పైగా పలకలగును. కాని మన సీమలో ఆ మెట్టున పలక ప్రక్క సుమారు 293 మీటర్లు గనుక, పైన చెప్పిన గ్రామమునకు 120 చాలును. పలకకు 20 కిలోబైట్లనుకొన్నను మొత్తము రెండున్నర మెగాబైట్లకు మించదు. ఇంటికడ ఒకసారి దింపుకొనిన చాలును. పటమును ఫొటోగా తీసి వాట్సాపులో పంపుట మాత్రము మానవలెను. అది చిత్రమును కుదించుటచే అంకెలు అలుకుకొనిపోవును. తప్పనిసరియైనచో డాక్యుమెంటుగా పంపవలెను.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగింతుము. ఈ తెరపటములు 1569 నాటి మెర్కేటరు పద్ధతి ననుసరించినవి. భూమధ్యరేఖకు దూరమైనకొలది వానిమీద భూమి సాగి కనబడును. మన అక్షాంశమున ఆ సాగుదలను సరిదిద్దక విస్తీర్ణము కట్టినచో 100 సెంట్లు 109 సెంట్లుగా తేలును. సంఘపు కంప్యూటరు ఈ సవరణ చేయుచున్నదో లేదో, తెలిసిన విస్తీర్ణము గల ఒక చేనిని కొలిచి చూడవలెను.

రెండవది నీలిచుక్క. మనము నిలిచిన చోటును చూపు ఆ చుక్క, ఆకాశము తేటగ నున్న బయలునందును సుమారు 5 మీటర్లు తప్పవచ్చును. చెట్లక్రింద ఇంకను ఎక్కువ. గట్టు వెడల్పు రెండుమూడడుగులు. కావున చుక్క ప్రక్కవాని చేనిలో పడినంతమాత్రమున హద్దు జరుగలేదు. చుక్కచుట్టు సందేహపు వలయమును గూడ తప్పక చూపవలెను. దానిని దాచు పటము తగవులు పెంచును. హద్దు తేల్చవలసినది రోవరుతో కొలుచు సర్వేయరు, సెంటీమీటర్ల లెక్కలో.

పటము సిద్ధమైన పిమ్మట పరీక్ష ఇట్లు చేయుడు. దానిని తయారు చేసినవాడు నోరు మెదపక దూరముగ నిలువవలెను. ముగ్గురు రైతులను, అందొకరిని అద్దములు పెట్టుకొను పెద్దవారిని, మధ్యాహ్నము రెండు గంటలకు చేనిగట్టునకు పిలిచి, తమ కమతమును తెరమీద చూపుడని యడుగవలెను. ఎవరైన పొరుగుచేనిని తాకినయెడల ఎన్నవ మెట్టున తాకిరో వ్రాసికొని, ఆ మెట్టును సవరించి, ఈ-పంట నమోదు మొదలగుటకు ముందుగనే మరల ఆ ముగ్గురికే చూపవలెను.