వరి మడి మట్టిలో కొత్త బాక్టీరియా జాతి: గుర్తింపు, వర్గీకరణ

రుద్రూర్ పరిసరాల్లో నిజాంసాగర్ కాలువ నీటి కింద వరి, చెరకు సాగవుతున్నాయి. ఇటువంటి పొలాల మట్టి నుంచి వేరుచేసిన కల్చర్ పరిచితమైన ఏ జాతితోనూ పోలకపోతే, దానిని కొత్త జాతిగా ప్రకటించాలన్న ఉత్సాహం విద్యార్థులకు కలగడం సహజం. అయితే అందుకు నిర్దిష్టమైన ఆధారాలు అవసరం.

ఈ విషయంలో తెలుగు నేలపై జరిగిన ఒక పరిశోధన మార్గదర్శకంగా ఉంటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన సి.హెచ్. వెంకటరమణ, జె.ఎన్.టి.యు.కు చెందిన సి.హెచ్. శశికళ, వారి సహచరులు నీరు నిలిచిన వరి మడి మట్టి నుంచి, కాంతిని శక్తిగా వినియోగించుకునే జేఏ2 అనే బాక్టీరియాను వేరుచేశారు. దానికి అతి దగ్గరి బంధువు రూబ్రివైవాక్స్ జెలటినోసస్. కణ నిర్మాణం, పోషణ లక్షణాలు, జన్యు సంబంధాలను పోల్చి చూసిన తరువాతనే 2006లో రూబ్రివైవాక్స్ బెంజోయాటిలిటికస్ అనే కొత్త జాతిగా ప్రకటించారు. బెంజోయేట్‌ను విచ్ఛిన్నం చేసే గుణమే ఈ పేరుకు ఆధారం.

గుర్తింపు క్రమం ఇలా ఉండాలి:

1. పదేపదే గీతల పద్ధతిలో పెంచి శుద్ధమైన కల్చర్ పొందాలి.

2. 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యుక్రమాన్ని దగ్గరి జాతులతో పోల్చాలి. సారూప్యత సుమారు 98.7 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి కావచ్చు. ఎక్కువైనంత మాత్రాన పాత జాతేనని తేల్చరాదు.

3. పూర్తి జన్యుపటాలను పోల్చాలి. సగటు న్యూక్లియోటైడ్ సారూప్యత 95-96 శాతం కంటే, డిజిటల్ డీఎన్ఏ సంకరణ విలువ 70 శాతం కంటే తక్కువ ఉండాలి.

4. కొవ్వు ఆమ్లాలు, ఎంజైములు, ఉష్ణోగ్రత, ఉదజని సూచిక పరిమితులను నమోదు చేయాలి.

5. ప్రామాణిక కల్చర్‌ను రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ భాండాగారాలలో భద్రపరచి, నామకరణ నియమావళి ప్రకారం ప్రచురించాలి.

ఈ జాగ్రత్త కేవలం పేరు కోసం కాదు. పురుగుల నివారణకు వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్, ఆహారాన్ని విషతుల్యం చేయగల బాసిల్లస్ సీరియస్, దొమ్మరోగ కారకమైన బాసిల్లస్ ఆంత్రాసిస్ - ఈ మూడింటి 16ఎస్ క్రమాలు దాదాపు ఒకటే. ఆ ఒక్క పరీక్షను నమ్మి కల్చర్‌ను జీవన ఎరువుగా సిఫారసు చేస్తే రైతు ఆరోగ్యానికే ముప్పు. కనుక జాతి నిర్ధారణ, విషకారక జన్యువుల పరిశీలన పూర్తికానిదే ఏ కల్చర్‌నూ ప్రయోగశాల దాటించి రైతు పొలానికి చేర్చరాదు.